ముందు గొంతు, వెనక వంత

అందరికీ నమస్కారం.

మాట్లాడే ముందు ఒక పాట విందాం. చిన్న పాటే. భాష అర్థం కాలేదని కంగారు పడకండి. గొంతులు ఎన్ని వినిపిస్తున్నాయో లెక్కపెట్టండి, అది చాలు.

(పాట వినిపించారు.)

ఎన్ని గొంతులు? ఇటువైపు నుంచి మూడు అన్నారు. అవును, మూడే. ముందు ఒకాయన అరుస్తున్నాడు, బతిమాలుతున్నాడు, మధ్యలో ఒకచోట నవ్వుతున్నట్టు కూడా ఉంది. ఆయన వెనక ఇద్దరు. ఆయన వదిలిన మాట చివర పట్టుకుని మళ్ళీ ఆయన చేతికే అందిస్తున్నారు. ఈ ఏర్పాటు మనకు కొత్తేమీ కాదు కదా! నడుమ కథకుడు తంబుర పట్టుకుని ఉంటాడు, అటొకరు ఇటొకరు గుమ్మెటలు పట్టుకుని ‘తందాన తాన’ అంటారు. బుర్రకథ. ఇప్పుడు మీరు విన్నది జమైకా దేశపు పాట, టూట్స్ అనే ఆయన ఇద్దరు వంతలతో పాడింది, 1968 నాటిది. నాకు మాత్రం అది మొదటిసారి విన్నప్పుడు మా ఊరి రచ్చబండ గుర్తొచ్చింది.

మా నాన్న బుర్రకథ దళంలో వంత. పండగలకు, జాతరలకు, ఎన్నికల సభలకు వెళ్ళేవాడు. గోడ మీద అతికించే కాగితంలో కథకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. కింద ‘మరియు బృందం’ అని ఉండేది. ఆ బృందంలో మా నాన్న. చిన్నప్పుడు నాకు అది రోషంగా ఉండేది. నాన్నతో అంటే, ‘వంత ఆగిపోతే కథకుడు ఎంతసేపు నిలబడతాడో చూడరా’ అనేవాడు. ఈ మాట మీ దగ్గర పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఈ పాట నా దగ్గరికి ఒక క్యాసెట్‌లో వచ్చింది. మా బావ విశాఖ నుంచి మర్చంట్ నేవీలో చేరి, ఏ రేవులో కొన్నాడో, నాలుగైదు క్యాసెట్లు తెచ్చి ఇంట్లో పడేశాడు. ఒకదాని మీద జమైకా గాయకుడు బాబ్ మార్లే పేరుంది. ఆయన బొమ్మ మన బజార్లో టీషర్టుల మీద కూడా ఉంటుంది కాబట్టి అది ముందు విన్నాను. ఇంకొక క్యాసెట్ సినిమా పాటలది. 1972లో జమైకాలో పెర్రీ హెంజెల్ తీసిన సినిమా, పేరు ‘ద హార్డర్ దే కమ్’. జిమ్మీ క్లిఫ్ అనే గాయకుడే అందులో హీరో. ఆ క్యాసెట్‌లో ‘ద మేటల్స్’ అనే వాళ్ళ పాటలు రెండు ఉన్నాయి. రాత్రి అన్నం తింటూ అవి విన్నాం. మా నాన్న తినడం ఆపి, ‘వీళ్ళెవరో వంత భలే పడుతున్నారే’ అన్నాడు.

కథకుణ్ణి మెచ్చుకోలేదు చూడండి. వంతను మెచ్చుకున్నాడు.

సరే, ఆ కథకుడి సంగతికి వస్తాను. పూర్తి పేరు ఫ్రెడరిక్ నథానియల్ హిబ్బర్ట్. లోకం టూట్స్ అంటుంది, మనమూ అలాగే అందాం. 1942 డిసెంబర్ 8న జమైకాలో క్లారెండన్ అనే ప్రాంతంలో మే పెన్ పట్టణంలో పుట్టాడు. చుట్టూ చెరకు తోటలు. అమ్మానాన్నలు సెవెంత్ డే అడ్వెంటిస్ట్ విశ్వాసులు, శనివారం సబ్బాతు పాటించేవాళ్ళు, చాలా నిష్ఠగా ఉండే కుటుంబం. ఆ చర్చిలోనే పిల్లాడు పాట నేర్చుకున్నాడు.

ఆ చర్చి పాట ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. మన కోస్తా ఊళ్ళలో చర్చికి వెళ్ళిన వాళ్ళను అడగండి. ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవాళ్ళు అందుకుంటారు, చప్పట్లు వాటంతట అవే వస్తాయి. గొంతు బాగున్నా లేకపోయినా అందరూ పాడాల్సిందే, ఊరికే కూర్చుని వినడం ఉండదు. టూట్స్ గొంతులో ఆ చర్చి చివరిదాకా ఉంది. ఎక్కడ పాడినా, బార్లో పాడినా, స్టేడియంలో పాడినా, ఎదుటివాళ్ళు బదులు పలకకపోతే ఆయనకు తోచేది కాదు.

పదకొండేళ్ళు వచ్చేసరికే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అన్నయ్యతో ఉండడానికి రాజధాని కింగ్‌స్టన్ వెళ్ళాడు. ట్రెంచ్ టౌన్ అనే వాడ. ప్రభుత్వం కట్టించిన వరస ఇళ్ళు, నడుమ వాకిలి, నాలుగైదు కుటుంబాలకు కలిపి ఒక కుళాయి, ఒక వంటిల్లు. బీదరికం చాలా ఉంది, పాట కూడా అంతే ఉంది. బాబ్ మార్లే పెరిగింది కూడా అక్కడే. టూట్స్ అక్కడ మంగలి షాపులో పనికి కుదిరాడు. జుట్టు కత్తిరిస్తూ పాడేవాడు. జుట్టు కోసం వచ్చినవాళ్ళు కొందరు, పాట కోసం వచ్చినవాళ్ళు కొందరు. అలా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు రాలీ గోర్డన్, జెర్రీ మథయాస్. ఈ రెండు పేర్లు దయచేసి గుర్తుంచుకోండి. వీళ్ళే ఆ వంతలు.

1960ల మొదట్లో ముగ్గురూ కలిశారు. 1962 ఆగస్టు 6న జమైకాకు బ్రిటిష్ వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశం, ఊరంతా ఉత్సాహం. కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్స్ అని ఉండేవి. లారీ మీద పెద్ద పెద్ద స్పీకర్లు ఎక్కించి, ఒక ఖాళీ స్థలంలో దించి, రాత్రంతా రికార్డులు వేస్తారు, జనం నాట్యం చేస్తారు. ఏ సౌండ్ సిస్టమ్ దగ్గర కొత్త రికార్డు ఉంటే జనం అక్కడికి పోతారు. అందుకని ఆ సౌండ్ సిస్టమ్‌ల యజమానులే స్టూడియోలు పెట్టి, పాడే కుర్రాళ్ళను పిలిచి రికార్డులు చేయించడం మొదలుపెట్టారు. వాళ్ళలో పెద్దవాడు కాక్సన్ డాడ్. ఆయన స్టూడియో పేరు స్టూడియో వన్. మేటల్స్ తొలి రికార్డులు అక్కడివే. అందులో ఒక పాటలో టూట్స్ బైబిల్లోని గ్రంథాల పేర్లు వరసగా చదువుతాడు, ఆదికాండం నుంచి. ఇంకేం లేదు, పేర్లే. ఆ పేర్లకే జనం నాట్యం చేశారు.

తాళం గురించి కాస్త చెప్పుకోవాలి. చేతులు పైకి తీయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడదాం. మన భజనలో దెబ్బ ఎక్కడ పడుతుంది? ‘ఒకటి’ మీద. ఇప్పుడు ‘ఒకటి’ దగ్గర చెయ్యి ఆపేయండి. ‘రెండు’ మీద, ‘నాలుగు’ మీద మాత్రం కొట్టండి. ఒకటి... చప్... మూడు... చప్. అదిగో, వచ్చేసింది. జమైకాలో పుట్టిన రెగే అనే పాటల తీరులో గిటారు చేసే పని అదే. పొట్టిగా, తీగను నొక్కి వెంటనే వదిలేసి, చిక్, చిక్ అంటుంది. తర్వాత రోజుల్లో డ్రమ్ముల బరువంతా ‘మూడు’ మీదికి తెచ్చారు, ‘ఒకటి’ని ఖాళీగా వదిలేశారు. దానికి వన్ డ్రాప్ అని పేరు. అడుగు పడాల్సిన చోట నేల లేదు. కాలు గాల్లో ఒక క్షణం ఆగి తర్వాతి మెట్టు మీద పడుతుంది. అందుకే ఆ పాట వింటే మోకాళ్ళు వాటంతట అవే వంగుతాయి.

అరవైల మొదట్లో ఇదే తాళం చాలా వేగంగా ఉండేది. స్కా అనేవారు. 1966 ప్రాంతంలో నెమ్మదించింది, రాక్‌స్టెడీ అయింది. ఆ ఏడాది ఎండలు భరించలేక జనం నెమ్మదిగా ఆడారని, అందుకే పాట కూడా నెమ్మదించిందని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. బేస్ గిటారుకు చోటు దొరికింది. 1968 కల్లా ఇంకో మార్పు. ఆ మార్పుకు పేరు పెట్టింది మన టూట్స్. ఆ సంగతి తర్వాత, ముందు జైలు కథ.

1966లో జమైకా ప్రభుత్వం స్వాతంత్ర్య వేడుకల్లో భాగంగా దేశం మొత్తానికి ఒక పాటల పోటీ పెట్టింది. మొట్టమొదటి పోటీ గెలిచింది మేటల్స్. పాట పేరు ‘బామ్ బామ్’. దాని పల్లవి ఎంత దూరం పోయిందంటే, 1982లో సిస్టర్ నాన్సీ అనే ఆమె దాన్ని అందుకుని ఇంకో పాట చేసింది, ఆ పాట ఈరోజుకీ ప్రపంచంలో ఏదో ఒక మూల మోగుతూనే ఉంటుంది. 23 ఏళ్ళ కుర్రాడికి దేశమంతా పేరొచ్చింది. సరిగ్గా అప్పుడే పోలీసులు పట్టుకున్నారు. గంజాయి కేసు. తాను తప్పు చేయలేదని టూట్స్ చివరిదాకా చెప్పాడు. అయినా జైలు తప్పలేదు.

ఈ గంజాయి అనే మాట దగ్గర ఒక నిమిషం ఆగుతాను. జమైకాలో కూడా దాన్ని ‘గంజా’ అనే అంటారు. ఎందుకో తెలుసా? ఆ మాట మన దేశం నుంచే వెళ్ళింది. 1838లో అక్కడ బానిసత్వం పూర్తిగా పోయాక, చెరకు తోటల యజమానులకు కూలీలు కావాల్సి వచ్చారు. 1845 మే 10న ఓల్డ్ హార్బర్ బే అనే చోట భారతీయ కూలీలతో మొదటి ఓడ ఆగింది. 1917 దాకా 36 వేల మందికి పైగా వెళ్ళారు, ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల వాళ్ళు. టూట్స్ పుట్టిన క్లారెండన్ చెరకు తోటల్లో కూడా పని చేశారు. వాళ్ళ వెంట పంటలు వెళ్ళాయి, వంటలు వెళ్ళాయి, ఈ మాట కూడా వెళ్ళింది. ఓ వందేళ్ళ తర్వాత అదే మాట ఒక నల్లజాతి పాటగాడి మీద కేసు కాగితంలో రాశారు. మనకూ జమైకాకూ ఉన్న చుట్టరికంలో ఇది సంతోషించాల్సిన సంగతి కాదు, కానీ చుట్టరికం మాత్రం నిజం.

కొన్ని నెలల తర్వాత టూట్స్ జైలు నుంచి బయటికొచ్చాడు. లెస్లీ కాంగ్ అనే చైనా సంతతి జమైకన్ ఒకాయన అన్నదమ్ములతో కలిసి కింగ్‌స్టన్‌లో ఐస్‌క్రీమ్ పార్లర్, రికార్డుల షాపు నడిపేవాడు. బాబ్ మార్లే మొదటి రికార్డు 1962లో చేయించింది ఆయనే. టూట్స్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. రాలీ, జెర్రీ ఎక్కడికీ పోలేదు. ముగ్గురూ మైకు ముందు నిలబడి పాడిన పాటే మీరు ఇందాక విన్న ‘54-46 దట్స్ మై నంబర్’.

ఈ పాటను కాస్త దగ్గరగా చూద్దాం. 54-46 జైల్లో ఖైదీ నంబరు. మనిషికి పేరు తీసేసి అంకె తగిలించిన చోటు అది. ఆ అంకెను టూట్స్ నాట్యానికి పల్లవి చేశాడు. నేనేమంత బుద్ధిలేనివాణ్ణి కాదు, నాకు నేనే హాని చేసుకోను, నా తప్పేమీ లేదు, అయినా ఈ నంబరు ఇచ్చారు అంటాడు. నాకు అన్నిటికంటే బరువుగా అనిపించే మాట ఇంకొకటుంది. ఇప్పుడు ఆ నంబరు ఇంకొకరి దగ్గర ఉంది అంటాడు. ఒక్క ముక్క. తాను బయటికొచ్చాడు, అంకె మాత్రం లోపలే ఉండిపోయింది, దాన్ని ఇంకో కుర్రాడి చొక్కాకు తగిలించారు. తన కష్టం చెప్పుకుంటూ ముక్కూ మొహం తెలియని ఖైదీని గుర్తుపెట్టుకున్నాడు. చాలామంది ఆ లైను దాటుకుని నాట్యంలోకి వెళ్ళిపోతారు. మీరు మాత్రం దాటకండి.

ఇంకా ఉంది. మధ్యలో బృందాన్ని అడుగుతాడు, ఒక్కసారి ఇవ్వు అని. వాద్యాలన్నీ కలిసి ఒక్క దెబ్బ కొడతాయి. రెండుసార్లు అంటే రెండు. మూడు అంటే మూడు. నాలుగు అంటే నాలుగు. ఇదేమిటి? మన కథకుడు కాలు గజ్జె ఝాడించి వంతల వైపు చూస్తే గుమ్మెట పలికినట్టే. జైల్లో ఆర్డరు వేసేది వార్డరు, బదులు చెప్పేది ఖైదీ. ఇక్కడ అడిగేది ఖైదీ. బేస్ పట్టుకున్న జాకీ జాక్సన్, గిటారు పట్టుకున్న హక్స్ బ్రౌన్ లాంటివాళ్ళు ఆయనతో దశాబ్దాల పాటు ఉండిపోయారు.

ఆ 1968లోనే ‘డూ ద రెగే’ అనే పాట వచ్చింది. పాట పేరులో ‘రెగే’ అనే మాట అచ్చయిన మొదటి రికార్డు అదేనని చెబుతారు. ఎలా వచ్చిందని అడిగితే టూట్స్ చాలా మామూలుగా చెప్పేవాడు. చినిగిన బట్టలు వేసుకుని, తల దువ్వుకోకుండా తిరిగేవాళ్ళను వాడలో ‘స్ట్రెగే’ అనేవాళ్ళం, ఒకరోజు వాయించుకుంటూ కూర్చుంటే ఆ మాట నోట్లోంచి అలా వచ్చేసింది అని. అంటే ఇప్పుడు ప్రపంచమంతా పలికే మాట ఒక వాడలో బీదవాళ్ళను వెక్కిరించే మాటలోంచి పుట్టింది. 2018లో యునెస్కో రెగేను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ మాటను మొదట రికార్డుకెక్కించినవాడు ఆ రోజుకు బతికే ఉన్నాడు, 75 ఏళ్ళవాడు. ఆ వార్త చదివి నాకు కళ్ళు చెమర్చాయి.

1969లో రెండోసారి అదే పోటీ గెలిచారు, ‘స్వీట్ అండ్ డాండీ’ అనే పాటతో. ఇది పల్లెటూరి పెళ్ళి పాట. మీకు విషయం చెబుతాను, మన ఇంట్లో పెళ్ళి గుర్తు రాకపోతే అడగండి. పెళ్ళికూతురు గదిలో కూర్చుని ఏడుస్తోంది, వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకోమంటోంది. పెళ్ళికొడుకు ఇంకో గదిలో టెన్షన్ పడుతున్నాడు, పెద్దాయన ఒకరు తల పైకెత్తమని ధైర్యం చెబుతున్నాడు. కేకుకు ఎంతయింది, సీసాలు ఎన్ని తెప్పించారు అనే లెక్క కూడా పాటలోనే ఉంది! లెక్క లేకుండా ఏ పెళ్ళి పాటకైనా నిజం వస్తుందా? ఇందాక చెప్పిన సినిమాలో మేటల్స్ ముగ్గురూ స్టూడియోలో ఈ పాట పాడుతూ కనిపిస్తారు. సినిమాలో హీరో పల్లె నుంచి వచ్చిన కుర్రాడు, నోరు తెరుచుకుని వాళ్ళనే చూస్తుంటాడు. టూట్స్ మొహం ఆ కాసేపట్లో చూడండి. చెమట, నవ్వు. పక్కన రాలీ, జెర్రీ ఒకే ఊపులో కదులుతుంటారు.

మా నాన్న ఆగి విన్నది ఈ పాటే.

క్యాసెట్‌లో ఉన్న రెండో పాట ‘ప్రెషర్ డ్రాప్’. దీని వెనక కథను టూట్స్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఎవరైనా అన్యాయం చేస్తే వాళ్ళ మీదికి పోట్లాటకు వెళ్ళేవాణ్ణి కాను, ‘ప్రెషర్ నీ మీద పడుతుందిలే’ అని ఊరుకునేవాణ్ణి అని. కర్మ లాంటిదే, చేసింది అనుభవిస్తావు అనడం. తుఫాను ముందు గాలి బరువు దిగిపోయి ఊపిరాడనట్టు ఉంటుంది చూడండి, తీరంలో ఉండేవాళ్ళకు అది తెలుసు. దివిసీమ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ పాట వింటే అలాంటిదేదో రాబోతోందని తెలుస్తుంది. అయినా అందులో కసి లేదు. పెద్దమనిషి అరుగు మీద కూర్చుని తల ఊపుతున్నట్టు ఉంటుంది. పదేళ్ళు తిరక్కుండా ఇంగ్లాండులో తెల్ల కుర్రాళ్ళు, ద క్లాష్ అనే బ్యాండు, ఈ పాటను గట్టిగా అరిచి పాడారు. అక్కడే ద స్పెషల్స్ అనే ఇంకో బ్యాండు 1979లో మేటల్స్ వారి ‘మంకీ మ్యాన్’ పాడింది.

1971లో లెస్లీ కాంగ్ హఠాత్తుగా గుండె ఆగి పోయాడు, నలభై కూడా నిండలేదు. 1972లో మేటల్స్ మూడోసారి పోటీ గెలిచారు. తర్వాత క్రిస్ బ్లాక్‌వెల్ నడిపే ఐలాండ్ రికార్డ్స్ వాళ్ళ పాటలను బయటి దేశాలకు తీసుకెళ్ళింది. అమెరికా పల్లె పాట ‘కంట్రీ రోడ్స్’ తీసుకుని టూట్స్, అందులో వెస్ట్ వర్జీనియా అనే చోట వెస్ట్ జమైకా అని మార్చి పాడాడు. ఊరి పేరు ఒక్కటి మారిస్తే పాట వాళ్ళదైపోయింది. 1980 సెప్టెంబర్‌లో లండన్‌లో హ్యామర్‌స్మిత్ పాలే అనే హాల్లో పాడిన కచేరీని రికార్డు చేసి, మర్నాటికల్లా డిస్కు అచ్చు వేసి షాపుల్లో పెట్టారు. ఆ రికార్డులో పాటల కంటే జనం గొంతు నాకు ఎక్కువ ఇష్టం. ఆయన అడిగిన ప్రతిదానికీ బదులు చెబుతున్నారు.

కానీ ఈ ఎక్కుతున్న మెట్ల మధ్యలో ఒక సంగతి జరిగింది. మొదట ముగ్గురికీ కలిపి ‘మేటల్స్’ అని పేరు. బయటి దేశాలకు వెళ్ళేసరికి ‘టూట్స్ అండ్ ద మేటల్స్’ అయింది. కథకుడి పేరు పెద్ద అక్షరాల్లో వచ్చింది, మిగతాది బృందం. 1981 ప్రాంతంలో రాలీ, జెర్రీ విడిపోయారు. నేను ఎవరినీ తప్పు పట్టను. ఇరవై ఏళ్ళు పక్కపక్కన నిలబడ్డ మనుషులు వాళ్ళు, లోపలి సంగతి వాళ్ళకే తెలుసు. నేను చెప్పేది చెవికి సంబంధించిన విషయం. ఆ తర్వాతి రికార్డుల్లో మంచివి చాలా ఉన్నాయి. 1988లో అమెరికాలో మెంఫిస్ వెళ్ళి సోల్ అనే అక్కడి నల్లజాతి వాళ్ళ పాటలతో చేసిన ఆల్బమ్ చాలా బాగుంటుంది, అమెరికా సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ పాట ఈయన గొంతులో వింటే వాళ్ళిద్దరూ ఒకే చర్చిలో పెరిగారేమో అనిపిస్తుంది. 2004లో ‘ట్రూ లవ్’ అనే ఆల్బమ్‌లో విల్లీ నెల్సన్, ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్ లాంటి పెద్దపెద్దవాళ్ళు ఆయన పక్కన నిలబడి పాడారు, వాయించారు. గ్రామీ అవార్డు కూడా వచ్చింది. కానీ ఆ రెండు గొంతులు లేవు. వినేటప్పుడు నేను ఎదురుచూస్తాను, రావు. వంత ఆగిపోతే అన్న మా నాన్న మాట అప్పుడు గుర్తొస్తుంది.

అయితే టూట్స్ దానికి ఒక దారి వెతుక్కున్నాడు. ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. వంతను జనానికి అప్పగించాడు. ఏ ఊరు వెళ్ళినా ఎదురుగా ఉన్నవాళ్ళే రాలీ, జెర్రీ. మైకు వాళ్ళ వైపు తిప్పి వాళ్ళు పాడేదాకా వదిలేవాడు కాదు. డెబ్బై ఏళ్ళ వయసులో కూడా అదే పని.

అప్పుడే ఆ దెబ్బ తగిలింది. 2013 మే నెల, అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, రిచ్‌మండ్ నగరం. నది ఒడ్డున పాటల పండగ. స్టేజీ మీద పాడుతున్న టూట్స్ తలకు జనంలోంచి విసిరిన గాజు సీసా తగిలింది. 19 ఏళ్ళ కుర్రాడు విసిరాడు. దెబ్బ బలంగా తగిలి మెదడు అదిరింది. కచేరీలన్నీ రద్దయ్యాయి. ఒకటి కాదు రెండు కాదు, మూడేళ్ళు. తలనొప్పి, కళ్ళు తిరగడం, మతిమరుపు. అన్నిటికంటే, జనం ముందుకు రావాలంటే భయం. ఆలోచించండి. తనకు వంత పాడేది జనమే, ఆ జనంలోంచే సీసా వచ్చింది. చేయి చాచిన చోటే దెబ్బ తగిలితే ఆ చెయ్యి మళ్ళీ చాచడం ఎంత కష్టం!

కేసు కోర్టుకు వచ్చింది. శిక్ష వేసే రోజు ముందు టూట్స్ జడ్జిగారికి ఉత్తరం రాశాడు. తను ఎంత బాధపడుతున్నాడో దాచుకోలేదు, అంతా రాశాడు. రాసి, ఆ కుర్రాణ్ణి జైల్లో పెట్టొద్దని వేడుకున్నాడు. కుర్రవాళ్ళకు జైల్లో ఏం జరుగుతుందో నేను విన్నాను, వాడికి ఆ గతి పట్టిందని తెలిస్తే నా బాధ ఇంకా పెరుగుతుంది అని దాని సారాంశం. కోర్టు ఆరు నెలల జైలు వేసింది.

ఆ ఉత్తరం గురించి చదివిన రోజు నేను మళ్ళీ ఆ 1968 పాట పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ నంబరు ఇంకొకరి దగ్గర ఉంది. 45 ఏళ్ళ క్రితం ముక్కూ మొహం తెలియని ఖైదీ కోసం పాడిన ముక్క, తన తల పగలగొట్టిన కుర్రాడి దగ్గరికి వచ్చింది. పాటలో మంచిమాట రాయడం మనలో చాలామందికి చేతనవుతుంది. ఆ మాట తన తల మీద సీసా అయి పడ్డాక కూడా దాని మీద నిలబడడం వేరు. నేను ఆయన గురించి ఇంతసేపు మాట్లాడడానికి అసలు కారణం ఇదే.

2016లో మళ్ళీ స్టేజీ ఎక్కాడు.

2020 గురించి చెప్పి ముగిస్తాను. ఆ ఏడాది మనందరికీ తెలిసిందే. ఎక్కడా జనం లేరు, కచేరీలు లేవు. 77 ఏళ్ళ టూట్స్ ఆ వేసవిలో ఏం చేశాడో తెలుసా? 1966లో మొదటిసారి గెలిచాడే, ఆ పాటల పోటీకి మళ్ళీ పేరిచ్చాడు! ప్రభుత్వం 2012లో ఆర్డర్ ఆఫ్ జమైకా ఇచ్చి గౌరవించిన మనిషి, కుర్రాళ్ళతో కలిసి వరసలో నిలబడ్డాడు. గెలవలేదు. ఆగస్టు 28న కొత్త ఆల్బమ్ ‘గాట్ టు బి టఫ్’ విడుదలైంది. ఆ రోజుల్లోనే ఆస్పత్రిలో చేరాడు, కోవిడ్ లక్షణాలు. సెప్టెంబర్ 11న కింగ్‌స్టన్‌లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది మార్చిలో ఆ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది, తీసుకోవడానికి ఆయన లేడు.

మా నాన్న అంతకు చాలా ముందే పోయాడు. ఆయన గుమ్మెట మా ఇంట్లో ఉంది. చర్మం బిగువు తప్పింది, వానాకాలంలో అసలు పలకదు. ఈరోజు ఎండ బాగా కాసింది కాబట్టి మధ్యాహ్నమంతా డాబా మీద పెట్టి ఇక్కడికి తెచ్చాను.

(గుమ్మెట చేతిలోకి తీసుకున్నారు.)

ఇందాకటి పాట మళ్ళీ వేస్తాను, ఈసారి మధ్యలోంచి. ఆయన ఒక్కసారి అన్నప్పుడు నేను ఒక దెబ్బ కొడతాను, మీరు ఒక చప్పట కొట్టండి. రెండు అంటే రెండు. ముందు వరసలో పిల్లలు తొందరపడకండి, ఆయన అడిగాకే కొట్టాలి. వెనక వరసలో పెద్దలు కూడా చేతులు పైకి తీయాలి. రాలీ వైపు మీరు, జెర్రీ వైపు మీరు. సిద్ధమా? బాబూ, పాట వెయ్యి.